కత్తిరించిన అర నిమిషం

బుజ్జమ్మా,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పాడు. "నా మాట వినదు, నువ్వయినా కాస్త చెప్పన్నా" అన్నాడు. నాకైతే ముందు నవ్వొచ్చింది. ఇళయరాజా సినిమాలు మొదటిదైన అన్నక్కిళి నుంచి వరుసగా, ఒక్కటీ వదలకుండా, ఏడాదిలో పూర్తి చేస్తావట. ఎక్సెల్ షీటు తయారైందట. పాటలకు ఇన్ని మార్కులు, రీరికార్డింగ్‌కు, అంటే సీన్ల వెనకాల వచ్చే సంగీతానికి, ఇన్ని మార్కులు అని గడులు కూడా పెట్టావట. చెవులు మొత్తం మూసేసే హెడ్‌ఫోన్ కొన్నావట. ఆ చివరి మాటతో నవ్వు ఆగిపోయింది.

లెక్క చూసుకున్నావా? 2016లో వచ్చిన తారై తప్పట్టై ఆయనకు వెయ్యో సినిమా. తర్వాత వచ్చినవి వేరే. రోజుకు దాదాపు మూడు సినిమాలు పడతాయి. ఆఫీసుకెప్పుడు వెళ్తావు, అన్నమెప్పుడు తింటావు? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆఖరు అనుకున్నాను. నీకు అంటుకుందని ఎవరు అనుకున్నారు?

ముందు చెవుల సంగతి. విసుక్కున్నా సరే, ఇదే ముందు. చిత్తూరులో పదహారేళ్లు రికార్డింగ్ సెంటర్ నడిపాను. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా హెడ్‌ఫోన్ తల మీదే ఉండేది. బయట లారీల మోత. దాన్ని మించి వినపడాలని వాల్యూమ్ పెంచుతూ పోయాను. ఇప్పుడు నా కుడి చెవి సన్నటి శబ్దాలు పట్టదు. మీ పెద్దమ్మ కుడివైపు నుంచి వస్తే గాజుల చప్పుడు తెలియదు. పాటల్లో ట్రయాంగిల్ దెబ్బ, సింబల్ మోగాక సాగే 'స్స్'... పాత పాటల్లోవి గుర్తున్నాయి గనక వినిపిస్తున్నట్టే ఉంటుంది. కొత్త పాటలో అవి ఉన్నాయో లేవో నాకు తెలియదు. డాక్టరు నాలుగు రకాల శబ్దాలు వినిపించి, కాగితం మీద గీత గీసి, ఇక్కడి నుంచి పైది పోయింది అన్నాడు. గీత కిందికి జారిపోయి ఉంది. పోయింది తిరిగి రాదన్నాడు.

అందుకని గంట వింటే పావుగంట తీసి పక్కన పెట్టు. బస్సులో ఇంజను మోతకు పోటీగా పెంచకు. మద్రాసులో ఆ ఓఎంఆర్ రోడ్డు దాటేటప్పుడు చెవిలో ఏదీ ఉండకూడదు, నా మీద ఒట్టు. ఇంట్లో ఒక మోస్తరు స్పీకర్లు పెట్టుకుని వింటే ఇంకా సంతోషం.

మిగతావి నీకు తెలిసినవే. ఫోన్ స్పీకర్‌లో వినకు. మద్రాసులో నాలుగేళ్ల నుంచి ఉన్నావు, తమిళం చదవడం కూడా నేర్చుకో. రాత్రి రెండింటి దాకా మేలుకోకు.

మీ నాయన ఫోన్ పెట్టేసేముందు ఇంకో మాట అన్నాడు. స్పీడ్ పెంచి చూస్తే రోజుకు మూడు అవుతాయని, పాటల్లో వట్టి వాయిద్యాలున్న చోట దాటేస్తానని అన్నావట. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎందుకో చెప్తాను. మీ నాయనకు కూడా తెలియదు ఇది.

1982లో కొట్టు పెట్టి ఏడాది కాలేదు. అప్పట్లో పద్ధతేమిటంటే, జనం పాటల లిస్టు రాసుకొచ్చేవాళ్లు. మన దగ్గరే బ్లాంక్ క్యాసెట్ కొనేవాళ్లు, మనం ఎక్కించి ఇచ్చేవాళ్లం. తమిళ రికార్డులు వేలూరులో ఒక కొట్టతను అరువిచ్చేవాడు. పొద్దున బస్సులో వెళ్లి తెచ్చి, ఎక్కించుకుని, వారం తిరక్కుండా ఇచ్చేయాలి. సిక్స్టీ క్యాసెట్ అంటే ఒక్కో వైపు అరగంట. నాలుగున్నర నిమిషాల పాటలైతే ఆరు పడతాయి, మూడు నిమిషాలు మిగులుతుంది. ఏడోది పట్టదు. నేనేమో పాటకింత అని తీసుకునేవాణ్ణి. ఎన్ని ఎక్కితే నాకంత.

ఆ మూడు నిమిషాల మీద నా కన్ను పడింది. పాట మొదట్లో వచ్చే వాయిద్యాలు, చరణానికీ చరణానికీ మధ్య బీజీఎం అని వచ్చే వాయిద్యాల ముక్క, ఇవి పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి అనుకునేవాణ్ణి, నిజంగా. పాటంటే పాడేదే కదా! పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. గొంతు ఆగగానే నొక్కడం, మళ్లీ గొంతు మొదలవుతుందనగా వదలడం. చెయ్యి ఎంత తిరిగిందంటే అతుకు తెలిసేది కాదు. మిగతా కొట్లవాళ్లు ఆరు పాటలు ఎక్కిస్తే నేను ఏడు ఎక్కించేవాణ్ణి. 'ఏడు పాటల కొట్టు' అని పేరు కూడా వచ్చింది. ఆ పేరుకు నేను పొంగిపోయేవాణ్ణి.

కరెంటాఫీసులో లైన్‌మన్ ఒకతను ఉండేవాడు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఖాకీ నిక్కరు జేబులో టెస్టరుతో. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవాడు. ఇళయరాజా తమిళ సినిమా పయణంగళ్ ముడివదిల్లై వచ్చిన కొత్త. ఇళయనిలా పాట మొదట పెట్టి లిస్టు ఇచ్చాడు. పద్నాలుగు పాటలు ఎక్కించి ఇచ్చాను. మర్నాడు క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. గొడవ పడలేదు. ఒకసారి వేయమన్నాడు. వేశాను. 'ఇళయనిలా పొళిగిరదే' అని బాలుగారి గొంతుతో మొదలైంది.

"దీనికి ముందు గిటార్ ఉంటాది కదా సార్?"

"అది వట్టి మ్యూజిక్కే కదా. పాట మొత్తం ఉంది."

"పాట నాకు వచ్చు సార్. నాకు ఆ ముందుదే కావాల. దానికోసమే కొన్నా."

కొట్టు గాజు బల్ల మీద ఎడమ చేతి వేళ్లు పెట్టి, కుడి చేత్తో మీటుతున్నట్టు చూపించాడు. వేళ్లు చకచకా కదిలి ఒకచోట ఠక్కున ఆగిపోయాయి. "ఇంతవరకు రేడియోలో విని పట్టినా. తర్వాత ఏ తీగ మీదికి పోవాల్నో తెలీడం లేదు" అన్నాడు.

అప్పుడైనా నాకు సిగ్గు వేసిందా? లేదు. కోపం వచ్చింది. ఒక పాట అదనంగా ఇస్తే సంతోషించక ఈ గోలేంటి అన్నాను. పక్కన ఇద్దరు గిరాకీలున్నారు, వాళ్ల ముందు ఇంకాస్త గొంతు పెంచాను. అతను క్యాసెట్ బల్ల మీద పెట్టి, "మళ్లా ఎక్కించి పెట్టండి సార్, శనివారం వస్తా" అని వెళ్లిపోయాడు. రికార్డు అప్పటికే వేలూరుకు వాపసు పోయింది. ఒక్క పాట కోసం బస్సు చార్జీ ఎవరు పెడతారని ఊరుకున్నాను. శనివారం వచ్చాడు. వచ్చే వారం అన్నాను. ఆ వారమూ వచ్చాడు. ఇంతలో పెళ్లిళ్ల సీజన్ మొదలైంది, మైకుసెట్ల వాళ్ల హడావుడి. మూడు నాలుగు వారాలకు వేరే పని మీద వేలూరు వెళ్లి రికార్డు తెచ్చాను. పూర్తిగా, ఒక్క సెకను వదలకుండా ఎక్కించాను. అతుకు లేకుండా వచ్చిందో లేదోనని హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఆ గిటార్ నేను మొదటిసారి విన్నది అప్పుడు. అంతకుముందు కనీసం నలభై సార్లు నా చెవిలోంచి పోయి ఉంటుంది, కానీ వినలేదు. పాజ్ ఎక్కడ నొక్కాలా అని కాచుకుని ఉండేవాణ్ణి అంతే.

అతను రాలేదు. ఆఫీసుకు వెళ్లి అడిగితే మదనపల్లె వైపు బదిలీ అయిందన్నారు. క్యాసెట్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ గిటార్ వాయించింది చంద్రశేఖర్ అనే ఆయన అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. క్యాసెట్ అట్టల మీద వాయించినవాళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు కదా. చిత్తూరులో ఎన్ని ఇళ్లలో నా కత్తెర పడిన ఇళయరాజా ఉన్నాడో! ఆ పాటలు గొంతుతోనే మొదలవుతాయనుకుని పెరిగిన పిల్లలు ఎంతమందో.

ఇంక నీ షీటులో ఆ మార్కుల గడి తీసెయ్యి. దాని బదులు 'ఎవరు వాయించారు' అని ఒక గడి పెట్టుకో. వి.ఎస్. నరసింహన్ వయొలిన్, సదానందం గిటార్, నెపోలియన్ ఫ్లూట్, పురుషోత్తమన్ డ్రమ్స్. తెలిసినంత వరకు రాయి. తెలియని చోట ఖాళీగా వదులు.

ఇళయరాజా పనిచేసే తీరు తెలిస్తే ఆ వట్టి మ్యూజిక్ అంటే ఏమిటో అర్థమవుతుంది. వెయ్యి అడుగుల సినిమా రీలు సుమారు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రీలు చూసేవారు, కూర్చుని కాగితం మీద నొటేషన్ రాసేసేవారు. హార్మోనియం ముందు తడుముకోవడం లేదు. వయొలిన్లకు ఇది, చెల్లోకు ఇది, ఫ్లూట్‌కు ఇది అని ఎవరి వరస వాళ్లకు. వాళ్లు చూసి వాయించడమే. పణ్ణైపురం నుంచి వచ్చి, అన్న పావలర్ వరదరాజన్‌తో ఊరూరా తిరిగి పాడిన మనిషి 1968లో మద్రాసు వచ్చాక ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నది ఇలా రాయడానికే పనికొచ్చింది. నేను నొక్కిన ప్రతి పాజ్ కిందా ఆయన చేత్తో రాసిన కాగితం ఒకటుంది. నాకది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

సరే, తిట్లు చాలు. నీకు నిజంగా పని కావాలంటే ఈ నెలంతా దళపతి ఒక్కటే చూడు, తమిళంలోనే. 'చిన్నత్తాయవళ్' పాట ఉంది కదా, తెలుగులో 'ఆడజన్మకు ఎన్ని శోకాలో'. ఆ వరస సినిమాలో మళ్లీ ఎన్ని చోట్ల వస్తుందో లెక్కపెట్టు. ఏ వాయిద్యం మీద వస్తుంది, ఎంత వినిపించి ఆపేస్తారు, ఎక్కడ రైలు కూత పక్కన వస్తుంది, రాసుకో. తల్లి ఎవరో కొడుక్కి తెలియకముందే మనకు తెలిసేది ఆ వరస వల్లే. నేను ఐదుసార్లు చూశాను, ప్రతిసారీ నా లెక్క మారింది.

తర్వాత మహేంద్రన్ తీసిన ఉదిరిపూక్కళ్, 1979ది. అందులో రాజాగారు ఊరుకున్న చోట్లు రాసుకో, వాయించినవి కాదు. స్పీడ్ పెంచితే ఆ చోట్లు అసలు దొరకవు.

ఓ సాయంత్రం మలయాళం ఓళంగళ్‌లో 'తుంబీ వా', తమిళం ఆటోరాజాలో 'సంగత్తిల్ పాడాద', మన నిరీక్షణలో 'ఆకాశం ఏనాటిదో' మూడూ వరుసగా విను. వరస ఒక్కటే. గొంతులను పక్కన పెట్టి వెనకాల ఏం మారిందో చూడు. కింద నడిచే బేస్ గిటార్‌ను ఒక్కదాన్నే పట్టుకుని పాట మొదటి నుంచి చివరి దాకా నడువు. మధ్యలో జారిపోతావు, ఏం పర్వాలేదు, మళ్లీ మొదలుపెట్టు. హే రామ్ సంగతి విన్నావా? పాటలు వేరే వరసలతో చిత్రీకరించేశాక, నటుల పెదవుల కదలికకు సరిపోయేలా రాజాగారు కొత్త వరసలు కట్టారు. అది తెలిశాక ఆ పాటలు చూడడమే వేరుగా ఉంటుంది.

రాగాల పిచ్చిలో పడకు. పాట మొదలవగానే రాగం పేరు చెప్పి, ఇక వినడం మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. సింధు భైరవిలో 'కలైవాణియే' కల్యాణి రాగం ఆరోహణ, అంటే పైకి ఎక్కే స్వరాలతోనే నడుస్తుందని తెలుసుకో, ఆశ్చర్యపో, తర్వాత ఏసుదాసు గొంతు విను. అలాగే ఎవరు గొప్ప అనే తగాదాల్లోకి దిగకు. ఎమ్మెస్వీ (ఎం.ఎస్. విశ్వనాథన్) గారూ రాజాగారూ కలిసి 1986లో ఒక సినిమాకు సంగీతం చేశారు. రెహమాన్ చిన్నప్పుడు రాజాగారి దగ్గరే కీబోర్డు వాయించాడు. వాళ్లకు లేని గొడవ మనకెందుకు? ఈ గొడవల్లో నాకు ఇద్దరు మంచి స్నేహితులు పోయారు. ఒకతను ఇప్పుడు లేడు కూడా.

ఏడాదిలో కాకపోతే పదేళ్లు పట్టనీ. పెళ్లయ్యాక కూడా వినొచ్చు. (మీ నాయన ఇది రాయమన్నాడు, రాశాను.)

దసరాకు రా. వచ్చేటప్పుడు మద్రాసు రిచీ స్ట్రీట్‌లో పాత టేప్ డెక్‌కు బెల్ట్ దొరుకుతుందేమో చూడు, నా దానికి బెల్ట్ గట్టిపడి ముక్కలైంది. కొలత మీ నాయనకు పంపుతాను. లైన్‌మన్ క్యాసెట్ నలభై ఏళ్ల పైమాట, టేపు అతుక్కుపోయి ఉంటుందేమో. ముందు వేరే క్యాసెట్ వేసి డెక్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూసుకుని, తర్వాత అది వేద్దాం. నువ్వు నా ఎడమవైపు కూర్చో. పైస్థాయిలో ఏదైనా మోగితే నాకు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న