రేడియేషన్ తరువాత మూత్రంలో రక్తం: హైపర్‌బారిక్ ఆక్సిజన్ మాట వైద్యులు ఎందుకు ఎత్తరు?

మీ అమ్మగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చారని, కొన్నేళ్లకు మూత్రంలో రక్తం మొదలైందని, అయినా హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స (ఎక్కువ ఒత్తిడి ఉండే మూసిన గదిలో, అంటే ఛాంబరులో, ఆక్సిజన్ పీల్చడం) గురించి ఎవరూ చెప్పలేదని రాశారు. మా పెద్దమ్మకూ అచ్చం ఇదే జరిగింది.

వైద్యులకు తెలియకపోవడం ఒక కారణమే. అంతకన్నా పెద్ద చిక్కు, చెప్పవలసింది ఎవరో తేలకపోవడం. క్యాన్సర్ నయమైంది కనుక రేడియేషన్ విభాగం పని అయిపోయింది. యూరాలజిస్టు రక్తస్రావం వరకే చూశారు. కాథెటర్ (మూత్రాశయంలోకి పంపే గొట్టం) వేసి రక్తపు గడ్డలు కడగడం, రక్తం ఎక్కించడం, ఇంటికి పంపడం. గొట్టంలో ఎరుపు పలచబడి గులాబీ రంగుకు వస్తే మాకు ప్రాణం లేచి వచ్చేది. మళ్లీ కొద్ది రోజులకే గడ్డలు. చివరికి హైపర్‌బారిక్ పేరు చెప్పింది ఒక మత్తు వైద్యురాలు. శిక్షణ కాలంలో ఆవిడ ఛాంబరు ఉన్న ఆసుపత్రిలో పనిచేశారట.

రేడియేషన్ తగిలిన చోట సన్నని రక్తనాళాలు ఏళ్ల తరబడి మూసుకుపోతూ ఉంటాయి. ఆక్సిజన్ అందక మూత్రాశయపు లోపలి పొర పుండుపడుతుంది. ఛాంబరులో మామూలు గాలి పీడనానికి రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో ఆక్సిజన్ పీలిస్తే అది రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలోనే కరిగి అక్కడికి చేరుతుంది. క్రమంగా కొత్త నాళాలు ఏర్పడతాయి. అందుకే సుమారు గంటన్నర చొప్పున 30, 40 సార్లు కూర్చోవాలి. నార్డిక్ దేశాల్లో జరిగి 2019లో వెలువడిన రిచ్-ఆర్ట్ అనే క్లినికల్ ట్రయల్‌లో ఈ చికిత్సతో రోగుల బాధలు తగ్గినట్లు తేలింది. రక్తం మొదలైన ఆరు నెలల్లోపు చికిత్స అందినవారికి ఫలితం మెరుగ్గా ఉందని 2005 నాటి ఒక అధ్యయనం చెప్పింది. నాకు బాధ కలిగించేది ఇదే. మిగతావన్నీ విఫలమయ్యాక పంపితే ఆ వ్యవధి చేజారిపోతుంది.

ఆటిజం తగ్గిస్తామని, యవ్వనం తెస్తామని ఇవే ఛాంబర్లకు ప్రకటనలు వస్తున్నాయి. వాటికి తగిన రుజువులు లేవు. ఆ ప్రచారం చూసి విసిగిన వైద్యులు నిజంగా అవసరమైన రోగిని కూడా అనుమానిస్తున్నారు.

పెద్దమ్మకు రక్తం ఆగింది. మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం మాత్రం పూర్తిగా పోలేదు.

యూరాలజిస్టును సూటిగా అడగండి: "ఇది రేడియేషన్ సిస్టైటిసేనా (రేడియేషన్ వల్ల మూత్రాశయం దెబ్బతినడమేనా)? క్యాన్సర్ తిరగబెట్టలేదని సిస్టోస్కోపీలో (మూత్రాశయం లోపల కెమెరాతో చూసే పరీక్షలో) తేలిందా? హైపర్‌బారిక్‌కు రాసిస్తారా?" పాత రేడియేషన్ కాగితాలు, ఛాతీ ఎక్స్‌రే వెంట తీసుకెళ్లండి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే దానికి చికిత్స చేయనిదే ఛాంబరులోకి పంపకూడదు. ఈలోగా గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోతే మాత్రం రెఫరల్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.