ఎరియర్స్ పడిన తొమ్మిది రోజులు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడో ఏడు నడుస్తోంది. యూజీసీ ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంది. అద్దె భత్యంతో కలిపి నెలకు 43 వేలు రావాలి కానీ, అయిదు నెలలుగా ఏమీ పడలేదు. స్నేహితురాలి దగ్గర 60 వేలు చేబదులు తీసుకున్నాను. క్రెడిట్ కార్డులో 50 వేలు బాకీ ఉంది, నెలనెలా 2,500 మినిమం డ్యూ కడుతున్నాను. మామయ్య చేయించిన పాలసీకి ఏడాదికి 24 వేలు కట్టాలి. ఇంటికి నెలకు 8 వేలు పంపుతాను. ఒక కోచింగ్ సెంటర్లో సాయంత్రాలు క్లాసులు చెబితే నెలకు 15 వేలు ఇస్తామంటున్నారు. అమ్మ చీటీ కట్టమంటోంది, ల్యాబ్‌లో అందరూ మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ మొదలుపెట్టమంటున్నారు. నేనేం చేయాలి? - పేరు వద్దన్న పాఠకురాలు, శివాజీపాలెం

జవాబు: అమ్మా, లేఖతో పాటు పాస్‌బుక్ పేజీల ఫొటోలు కూడా పంపి మంచి పని చేశారు. లేఖలో లేని సంగతి వాటిలో కనిపించింది.

ఫిబ్రవరి 11న మీ ఖాతాలో ఒకేసారి 1,29,000 పడింది. మూడు నెలల ఎరియర్స్. అక్కడి నుంచి వరసగా చూస్తే, మర్నాడే చెల్లెలి కాలేజీ ఫీజు 40 వేలు. రెండు రోజులాగి ఇంటికి ఫ్రిజ్, 22 వేలు. తర్వాత పాత చేబదులు 18 వేలు తీర్చారు. ఆ పై వారం కొత్త ఫోన్, 24 వేలు. తొమ్మిదో రోజుకి 25 వేలు మిగిలాయి. ఇందులో తప్పుడు ఖర్చు ఒక్కటీ లేదు. ఫోన్ కూడా, పాతది స్క్రీన్ పోయిందని రాశారు కదా. అయినా ఆ తొమ్మిది రోజుల్లో అయిపోయింది అప్పటికే గడిచిపోయిన నెలల డబ్బు మాత్రమే కాదు, రాబోయే నెలల తిండి కూడా. తర్వాతి అయిదు నెలల్లో మీకైన ఖర్చు నెలకు 27 వేల లెక్కన 1,35,000. ఆ 25 వేలకు స్నేహితురాలి 60 వేలు, కార్డు 50 వేలు కలిపితే సరిగ్గా అంతే. లెక్క రూపాయి తేడా లేకుండా కుదిరింది. అంటే మీరు దుబారా మనిషి కారు. డబ్బు ముద్దగా వస్తోంది, ఖర్చు నెలనెలా అవుతోంది, అదే ఇబ్బంది.

ఫెలోషిప్‌ని జీతం అనుకోవడం దగ్గరే మన స్కాలర్లు చాలామంది దెబ్బతింటారు. జీతం ఒకటో తారీఖున పడుతుంది. ఫెలోషిప్ అలా కాదు. మీరు పని చేశారని విశ్వవిద్యాలయం ప్రతినెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి, ఆ తర్వాతే డబ్బు కదులుతుంది. మధ్యలో ఏ ఒక్క సంతకం ఆగినా నెలలు ఆగుతాయి. దానికి తోడు మీకు రెండేళ్లు నిండాయి కాబట్టి జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కి, అంటే సీనియర్ ఫెలోషిప్‌కి మార్చే కమిటీ కూర్చోవాలి. అద్దె భత్యం కాకుండా వచ్చే 37 వేలు 42 వేలు కావలసింది అక్కడే. ఆ కాగితం ఎక్కడుందో ఈ వారమే రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్లి కనుక్కోండి. గైడ్‌ గారితో ఒక మాట చెప్పించండి. ఏ మ్యూచువల్ ఫండూ అయిదు నెలల్లో మీకు అంత తెచ్చిపెట్టదు.

మన ఫిషింగ్ హార్బర్‌లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు వేటకు వెళ్లవు. 61 రోజులు. ఆ ఎండల్లో వెళ్లి చూడండి, బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, నీడ పట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. ప్రభుత్వం ఇచ్చే భృతి ఉన్నా, మార్చిలో నాలుగు రాళ్లు పక్కన పెట్టుకోని ఇంటికి మే నెల గడవదు. వాళ్లకి నిషేధం తేదీలు ముందే తెలుసు. మీకు తేదీ కూడా తెలియదు. కాబట్టి వాళ్లకంటే మీరే ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఇందుకు ఒక పని చేయండి. ఫెలోషిప్ పడే ఖాతాకి ఉన్న డెబిట్ కార్డు, యూపీఐ రెండూ తీసేయండి. దాన్ని మీ ఇంటి మేడ మీది వాటర్ ట్యాంక్ అనుకోండి. వేరే బ్యాంకులో రెండో ఖాతా తెరిచి, ట్యాంకు ఖాతా నుంచి ప్రతి ఒకటో తారీఖున దానికి 25 వేలు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. అదే మీ జీతం. మీకు మీరే ఇచ్చుకునే జీతం. ఫెలోషిప్ మూడు నెలలకు పడినా, ఆరు నెలలకు పడినా మీకు మాత్రం 25 వేలే వస్తుంది. అద్దె వాటా 6,500, తిండి సరుకులు 5,000, ఇంటికి 8,000, ల్యాబ్ ఖర్చు 2,000, ఫోన్ 500, పై ఖర్చులు 3,000. మీరు రాసిన లెక్కే ఇది. పాలసీకి వేసుకున్న నెలకు రెండు వేలు మాత్రం తీసేశాను, ఎందుకో కింద చెబుతాను.

ఇంట్లో కూడా ఈ 25 వేల సంగతే చెప్పండి. ఎరియర్స్ పడిన మెసేజ్ మీ ఫోన్‌కే వస్తుంది, నరసన్నపేటలో మీ ఇంటికి వెళ్లదు. ఇది అబద్ధం ఆడమని చెప్పడం కాదు. నాన్నగారికి నెలకు 8 వేలు తప్పకుండా అందితే, ఎప్పుడో ఒకసారి వచ్చే ఫ్రిజ్ కంటే అదే ఆయనకి ఎక్కువ ధైర్యం.

ఇక ఇప్పటి అప్పుల సంగతి. కార్డు బాకీ ముందు చూద్దాం. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దగ్గర వడ్డీ పడుతుంది. 50 వేల మీద 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ 315. మీరు కట్టే 2,500లో 2,065 అక్కడికే పోతుంది. అసలులో తగ్గేది 435 రూపాయలు. ఈ లెక్కన ఆ బాకీ తీరేసరికి మీ థీసిస్‌కి బైండింగ్ కూడా అయిపోతుంది! మీ దగ్గర అమ్మ ఇచ్చిన గాజులు ఉన్నాయన్నారు. ఒక గాజు బ్యాంకులో తాకట్టు పెట్టి 50 వేలు తీసుకుని కార్డు మొత్తం కట్టేయండి. బ్యాంకు వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకున్నా నెలకు 420 రూపాయలు దాటదు. బంగారం తాకట్టు అంటే మన ఇళ్లలో పరువు తక్కువ అనుకుంటారని తెలుసు. నెలకు 1,600 దండగ కట్టడం అంతకంటే పరువైన పనేమీ కాదు. ఎరియర్స్ పడగానే విడిపించుకోవచ్చు. అడ్డమైన యాప్‌లలో మాత్రం లోన్ తీసుకోకండి.

అయిదు నెలలదీ పడితే తక్కువలో తక్కువ 2,15,000. స్నేహితురాలికి 60 వేలు అదే రోజు పంపండి, ఆ అమ్మాయిదీ మీలాంటి ఫెలోషిప్పే కదా. గాజు విడిపించడానికి 50 వేలు. మిగిలేది 1,05,000. అందులో 75 వేలు మూడు ఎఫ్‌డీలుగా, ఒక్కోటి 25 వేలు చొప్పున వేయండి. ఒకే ఎఫ్‌డీ వేస్తే అవసరానికి మొత్తం విరగ్గొట్టాలి. మూడైతే ఒకటి తీసినా రెండు నిలుస్తాయి. తక్కిన 30 వేలు ట్యాంకు ఖాతాలోనే ఉంటే వచ్చే నెల మీ జీతం సిద్ధం. రికరింగ్ డిపాజిట్ మీకు పనికిరాదు, ఫెలోషిప్ రాని నెల కూడా వాయిదా అడుగుతుంది.

ల్యాబ్ ఖర్చు అని నెలకు రెండు వేలు రాశారు కదా, దాని గురించి కాస్త గట్టిగా అడగాలనుంది. సిలికా జెల్, సాల్వెంట్లు, ప్రింట్లు, ఇవన్నీ జేబులోంచి పెడుతున్నారు. బిల్లులు ఉన్నాయా? యూజీసీ ఫెలోషిప్‌లో సైన్స్ స్కాలర్లకు కంటింజెన్సీ, అంటే పరిశోధన ఖర్చులకిచ్చే డబ్బు, మొదటి రెండేళ్లు ఏడాదికి 12 వేలు, తర్వాత ఏడాదికి 25 వేలు. మీరు పెడుతున్నది ఏడాదికి 24 వేలు. అంటే అది మీ ఖర్చు కాదు, మీరు మీ ప్రాజెక్టుకి ఇస్తున్న చేబదులు. జీఎస్టీ నంబరున్న బిల్లు మీ పేరు మీద తీసుకుని, గైడ్ సంతకంతో ఒక ఫైల్లో పెట్టండి. ఆలస్యంగానైనా రాబట్టుకోవాల్సిన డబ్బు అది.

కోచింగ్ సెంటర్ సంగతి: వద్దు. ఫెలోషిప్ తీసుకుంటూ ఇంకోచోట జీతానికి పని చేయకూడదన్నది షరతు, చేరేటప్పుడు మీరు సంతకం పెట్టి ఇచ్చారు కూడా. బయటపడితే తీసుకున్నది తిరిగి కట్టమంటారు. రూల్ లేకపోయినా నేను వద్దనే అంటాను. రోజుకి మూడు గంటలు క్లాసులు, రానూపోనూ ఇంకో గంట. రాత్రి ఏడున్నరకి ల్యాబ్‌కి తిరిగొచ్చి కాలమ్ ఎక్కించి రసాయనాలు వేరుచేసే ఓపిక ఉంటుందా? ఆరు నెలలు థీసిస్ వెనక్కి జరిగిందనుకోండి. యూజీసీ స్కేల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్కే 57,700. ఆ ఉద్యోగం వెంటనే వస్తుందని నేను అనను. కానీ ఆలస్యం అయ్యేకొద్దీ మీరు పోగొట్టుకునేది 15 వేల కంటే చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. మీరు అడగలేదు, ల్యాబ్‌లో సిప్ చేయమన్న వాళ్లెవరూ చెప్పి ఉండరు. ఫెలోషిప్ అయిదేళ్లు. పీహెచ్‌డీ మాత్రం అయిదేళ్లలో అయిపోతుందన్న భరోసా లేదు. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం గడువు ఆరేళ్లు, ఆపై పొడిగింపు కూడా ఉంది. థీసిస్ ఇచ్చాక మూల్యాంకనం, వైవా అన్నీ ఆరు నెలల్లో పూర్తి చేయాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఆరు నెలలూ మీకు పైసా రాదు. ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే నెలలు. వీటిని నేను సున్నా నెలలు అంటాను. పన్నెండు సున్నా నెలలకు మీ జీతం 25 వేల చొప్పున 3 లక్షలు కావాలి. మీకు ఇంకా 32 నెలల ఫెలోషిప్ ఉంది. 43 వేలు వచ్చి 25 వేలు ఖర్చయితే నెలకు 18 వేలు మిగలాలి. అంటే 32 నెలల్లో 5,76,000. ఎస్ఆర్ఎఫ్ అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి 3 లక్షలు మీకు అందని మొత్తమేమీ కాదు, ఎరియర్స్ పడిన ప్రతిసారీ తొమ్మిది రోజులు ఓపిక పడితే చాలు. ఈ 3 లక్షలు మాత్రం బ్యాంకు ఎఫ్‌డీల్లోనే ఉండాలి. ఒక బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది కనుక నిద్ర పడుతుంది.

ఇందులో సగం, అంటే లక్షన్నర చేరాక సిప్ మొదలుపెట్టండి, మార్కెట్ సూచీని అనుసరించే ఒక ఇండెక్స్ ఫండ్‌లో రెండు వేలతో. ఖాతాలో డబ్బు లేని నెల సిప్ వాయిదా వెనక్కి వెళ్తే బ్యాంకు జరిమానా వేస్తుంది, అందుకని ట్యాంకు ఖాతాకే ముడిపెట్టండి. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా ఒకటి 500తో ఇప్పుడే తెరిచి పెట్టుకోవచ్చు, పదిహేనేళ్ల గడియారం మొదలవుతుంది. పన్ను గురించి టెన్షన్ వద్దు. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి మినహాయింపు ఉంది, లేకపోయినా మీ మొత్తం కొత్త పన్ను విధానంలో పన్ను పడే స్థాయికి చాలా కింద ఉంది.

చీటీ వద్దని అమ్మకి నా మాటగా చెప్పండి. నమోదైన చీటీ అయినా, వీధిలో అక్క నడిపే చీటీ అయినా, ఫెలోషిప్ రాని నెల కూడా వాయిదా కట్టాల్సిందే. అప్పుడు మళ్లీ కార్డు గీకాలి.

బస్సు ఖర్చు ఎక్కడా రాయలేదు, ఆడవాళ్లకి టికెట్ లేని స్త్రీ శక్తి బస్సులు వాడుకుంటున్నారనుకుంటాను. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లే కాదు, ఊరికి వెళ్లే ఎక్స్‌ప్రెస్ కూడా అందులో ఉంది, ఆధార్ చూపిస్తే చాలు. కానీ ల్యాబ్‌లో రాత్రి పది దాటితే ఆటోకి వెనకాడకండి. అక్కడ పొదుపు అక్కర్లేదు.

మీకు ఆరోగ్య బీమా లేదు, అది కావాలి. 29 ఏళ్ల వయసుకి 5 లక్షల పాలసీ ఏడాదికి 10 వేల లోపే దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి అంటే, మామయ్య పాలసీ నుంచి. మూడు ప్రీమియాలు, 72 వేలు కట్టారు. ఇరవై ఏళ్లు కట్టాల్సిన ఎండోమెంట్, అంటే బీమా, పొదుపు కలిపిన పాలసీ. ఇలాంటి వాటిలో రాబడి 5, 6 శాతం దాటడం అరుదు, పైగా ఫెలోషిప్ రాని ఏడు కూడా సెప్టెంబర్ ప్రీమియం ఆగదు. మామయ్యతో పేచీ పెట్టుకోమని కాదు. ఆయన్నే సాయం అడగండి: ఇవాళ సరెండర్ చేసి పాలసీ మూసేస్తే ఎంత వస్తుంది, ఇక కట్టకుండా పెయిడప్‌గా వదిలేస్తే గడువు చివర ఎంత వస్తుంది, ఈ రెండు అంకెలూ బ్రాంచి నుంచి కాగితం మీద తెచ్చిపెట్టమనండి. నోటి మాట కాదు, కాగితం. కట్టినదంతా వెనక్కి రాదు, దానికి మాత్రం మనసు సిద్ధం చేసుకోండి. సెప్టెంబర్ వాయిదా లోపు ఆ రెండు అంకెలూ నాకు రాయండి. తీసేయాలా, వదిలేయాలా అన్నది అవి చూశాకే చెబుతాను.