స్టీరింగ్ విప్పిన అబ్బాయి ఏ బ్రాంచిలో చేరాలి?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి చదువుతున్నాడు. కంప్యూటరులో కారు రేసింగ్ ఆటల కోసం కొన్న ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగ్ (ఆటలోని రోడ్డు కుదుపులను లోపలి మోటారుతో చేతికి తెలిపేది) పాడైంది. గట్టిగా తిప్పిన ప్రతిసారీ దాని మధ్యస్థానం పక్కకు జరిగిపోయేది. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా తగ్గకపోతే తానే విప్పి, మోటారు వెనక ఉన్న చిన్న చక్రం చిట్లిందని కనిపెట్టి మార్చాడు. ఇప్పుడు బ్రేక్ పెడల్‌కు లోడ్ సెల్ అనే బలం కొలిచే సెన్సర్ అమర్చే పనిలో పడి పుస్తకం ముట్టడం లేదు. ఇదే తన వృత్తి అంటున్నాడు. ఆపమంటారా, ప్రోత్సహించమంటారా?

జవాబు: మీరు చివర అడిగిన ప్రశ్న కన్నా, మధ్యలో యథాలాపంగా రాసిన ఆ చిన్న చక్రం సంగతే నాకు ముఖ్యంగా కనిపించింది. దాన్ని ఎన్‌కోడర్ డిస్కు అంటారు. మోటారు ఇరుసుకు బిగించి ఉండే ఆ డిస్కు అంచున సన్నని చీలికలు ఉంటాయి. వాటి గుండా పడే కాంతిని ఒక సెన్సర్ లెక్కపెడుతుంది, ఆ లెక్కను బట్టే స్టీరింగ్ ఎంత తిరిగిందో కంప్యూటరుకు తెలుస్తుంది. డిస్కు మధ్యభాగం చిట్లి ఇరుసు మీద జారడం మొదలైతే, చేతిలోని స్టీరింగ్ ఒకచోట, కంప్యూటరు లెక్కలోని స్టీరింగ్ మరొకచోట ఉంటాయి. మెల్లగా తిప్పినంతసేపు తేడా బయటపడకపోవచ్చు. అందుకే చాలామంది తప్పును సాఫ్ట్‌వేర్ మీదో కేబుల్ మీదో నెట్టి ఊరుకుంటారు. లక్షణం పట్టుకుని కారణం దాకా మీ అబ్బాయి సొంతంగా వెళ్లి ఉంటే, అతడు ఇంజినీరు చేసే పనే చేశాడు. ఎవరో వీడియోలో చూపిన భాగాన్ని చూసి మార్చి ఉంటే అదీ పనే గాని, దాని విలువ వేరు. ఏది జరిగిందో మీకు సులువుగానే తెలుస్తుంది: "మోటారు బాగానే ఉంది, డిస్కే చెడిందని నీకెలా తెలిసింది?" అని అడిగి, అతడు చెప్పేది చివరిదాకా వినండి.

ఇక వృత్తి సంగతి. స్టీరింగుల మరమ్మతు ఒక్కదాన్నే జీవనాధారం చేసుకోమని నేను చెప్పలేను. వాటిని వాడేవారే తక్కువ. పైగా గేర్ల నుంచి బెల్టులకు, బెల్టుల నుంచి మోటారు ఇరుసుకే స్టీరింగ్ బిగించే డైరెక్ట్ డ్రైవ్‌కు ఆ వస్తువు మారుతూ వచ్చింది కనుక, అరిగిపోయే భాగాలు తగ్గిపోతున్నాయి. అయితే ఆ స్టీరింగులో ఉన్న విద్య మాత్రం చిన్నది కాదు. సెన్సర్ కొలుస్తుంది, మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్ లెక్క వేస్తుంది, డ్రైవర్ సర్క్యూట్ మోటారుకు కరెంటు అందిస్తుంది, మోటారు కదిలితే సెన్సర్ మళ్లీ కొలుస్తుంది. కార్లలోని ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, రోబో చేతులు, విమాన సిమ్యులేటర్లు అన్నీ ఈ వలయం మీదే నడుస్తాయి. 2013లో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ50 కారులో స్టీర్ బై వైర్ ఏర్పాటు ఉన్న రకాల్లో, మామూలుగా నడిచేటప్పుడు స్టీరింగుకూ ముందు చక్రాలకూ యాంత్రికమైన బంధం ఉండదు. రోడ్డు స్పర్శను డ్రైవరు చేతికి అందించేది ఒక మోటారే. మీ అబ్బాయి బల్ల మీద ఉన్న వస్తువుకు అది పెద్దన్న లాంటిది.

బ్రేక్ పెడల్ పని ఇంకా మంచి పాఠం. సాధారణ పెడల్‌లోని పొటెన్షియోమీటర్ కాలు ఎంత దూరం దిగిందో కొలుస్తుంది, లోడ్ సెల్ ఎంత బలంగా తొక్కామో కొలుస్తుంది. లోడ్ సెల్ ఇచ్చే సంకేతం చాలా స్వల్పం కనుక ఔత్సాహికులు ఎక్కువగా హెచ్‌ఎక్స్711 అనే చిప్ వాడతారు. దానికి సెకనుకు 10 లేదా 80 కొలతలు తీసే వీలుంది. చవకగా దొరికే బోర్డులు చాలావరకు 10కే అమర్చి వస్తాయి. అంటే రెండు కొలతల మధ్య 100 మిల్లీసెకన్లు. ఆటలో కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆ వ్యవధిలో అది దాదాపు ఐదున్నర మీటర్లు దాటిపోతుంది. "బ్రేక్ ఆలస్యంగా పడుతోంది" అని మీవాడు విసుక్కుంటే, ఈ లెక్క అతడి చేతే వేయించండి.

చదువు పక్కన పడుతోందన్న మీ బాధ న్యాయమైనదే, కానీ దానికి మందు కూడా ఆ స్టీరింగులోనే ఉంది. తిన్నని రోడ్డు మీద చేతులు వదిలేస్తే, బలమైన స్టీరింగ్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి అంతకంతకూ ఎక్కువగా ఊగుతుంది. కొలవడానికి, స్పందించడానికి మధ్య ఉన్న ఆలస్యమే దానికి ముఖ్య కారణం. సెట్టింగులలో డ్యాంపింగ్ (ఊపును అణచే నిరోధం) పెంచితే తగ్గుతుందని మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. ఎంత పెంచాలో, ఎందుకు అంతే పెంచాలో చెప్పాలంటే అవకలన సమీకరణాలు రావాలి. అతడు మూసి పెట్టిన గణితం పుస్తకంలో దానికి పునాది ఉంది. ఈ మాట నాన్న నోటి నుంచి వస్తే హితబోధలా వినిపిస్తుంది, కాబట్టి స్టీరింగును ఊగనిచ్చి అతడినే అడగండి.

బ్రాంచి ఎంపికకు మార్కుల కన్నా, అతడు ఏ భాగం దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాడో గమనించడం మేలు. మోటారు, దానికి కరెంటు అందించే మాస్‌ఫెట్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆకర్షిస్తే ఎలక్ట్రికల్. సెన్సర్లు, ఆర్డుయినో లియొనార్డో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు అయితే ఎలక్ట్రానిక్స్. పెడల్ స్ప్రింగులు, బ్రాకెట్లు గీసి చేయించుకోవడం ఇష్టమైతే మెకానికల్ లేదా మెకట్రానిక్స్. ఆట పంపిన ఆదేశం యూఎస్‌బీ ద్వారా బలంగా ఎలా మారుతుందో తవ్వుతుంటే, ఇలాంటి పరికరాలతో కంప్యూటరు ఎలా మాట్లాడాలో చెప్పే, 1999లో వెలువడిన యూఎస్‌బీ పీఐడీ ప్రమాణ పత్రాన్ని చదవమనండి. అది విసుగు పుట్టించే పత్రమే, అయినా ఇష్టంగా పూర్తి చేస్తే కంప్యూటర్ సైన్స్‌లో ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే ప్రోగ్రాములు రాసే) వైపు పంపవచ్చు.

ఒక జాగ్రత్త. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పనివ్వకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మున్ముందు డైరెక్ట్ డ్రైవ్ మోటారు జోలికి వెళితే, చేతికి అందేచోట అత్యవసర స్విచ్ బిగించిన తరువాతే నడపమనండి.

పరీక్షలయ్యే దాకా పెడల్ పనిని వారానికి ఒక పూటకు కుదించండి గాని స్టీరింగును బీరువాలో పెట్టి తాళం వేయకండి. విప్పినది, కొలిచినది, పొరబడినది తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాయమనండి, చిట్లిన పాత డిస్కును కూడా పారేయకుండా అందులోనే అంటించి ఉంచమనండి. ప్రవేశం కోసమో, పని నేర్చుకోవడానికో ఎక్కడికి వెళ్లినా, ఆ పుస్తకం తెరిచి మాట్లాడగలుగుతాడు.