ఆ బాకీ అబ్బాయిది కాదమ్మా

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మావారు పోయి పదకొండేళ్లయింది. మా బాబు ఇంజనీరింగ్ ఫీజులు నాలుగేళ్లూ మా అన్నయ్యే కట్టాడు. బాబు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అన్నయ్య కూతుర్ని వాడికి చేసుకోవాలని మా ఇద్దరి మాట. వాడేమో ఏ సంగతీ తేల్చడు. మొన్న సంక్రాంతికి వచ్చి సూపర్‌మ్యాన్ సినిమా ఒకటి పెట్టాడు. అందులో తల్లి కొడుకుతో మాట్లాడే చోట ఆపి, నాకు తెలుగులో చెప్పాడు: "వాళ్లకు ఏం కావాలో అదల్లా అవ్వు. లేదంటే ఏదీ కావద్దు. ఈ లోకానికి నువ్వేమీ బాకీ లేవు, ఎప్పుడూ లేవు." చెప్పి, "అమ్మంటే అలా ఉండాలి" అని మేడ మీదికి వెళ్లిపోయాడు. నా ఒళ్లో అరిసెల పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి నిద్ర లేదు. అంటే తల్లికి కూడా బాకీ లేనట్టేనా? ఆవిడ అలా చెప్పడం తప్పా, రైటా? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఆవిడ చెప్పింది తప్పా రైటా అన్నది మీ ఇంటికి అక్కర్లేని ప్రశ్న. మీకు నిద్ర పట్టనిది దాని గురించి కాదు. అయినా ఆ సన్నివేశం గురించి ముందు చెప్తాను. అబ్బాయి దాన్ని ఊరికే ఎంచుకోలేదు.

అది 2016లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్'. కాన్సస్ పల్లెలో ఒంటరిగా ఉంటున్న మార్తా కెంట్ ఆ తల్లి. కన్నది కాదు, ఆకాశం నుంచి వచ్చిన పసివాణ్ణి పెంచుకుంది. వాడే సూపర్‌మ్యాన్. 2013లో వచ్చిన ముందు సినిమాలో ఆవిడ భర్త సుడిగాలిలో చిక్కుకుంటాడు. కొడుకు రెప్పపాటులో కాపాడగలడు. కానీ వాడి శక్తి నలుగురికీ తెలిసిపోతుందని, రావద్దని చెయ్యెత్తి ఆపేసి ప్రాణం వదులుతాడు. లోకానికి భయపడి ఆ ఇల్లు అప్పటికే అంత పోగొట్టుకుంది. ఇప్పుడు అదే లోకం ఆవిడ కొడుకుని దోషిలా చూస్తోంది, విచారణకు రమ్మంటోంది.

అలాంటప్పుడు అన్న మాట అది. కొడుక్కి స్వార్థం నేర్పుతోంది అనేవాళ్లున్నారు, సంకెళ్లు తెంచింది అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే భయపడిపోయిన తల్లి కనిపించింది. అన్నీ అవ్వు అంటుంది, వెంటనే ఏదీ కావద్దు అంటుంది. ఏది మంచిదో ఆవిడకీ తెలియదు. అయినా నిర్ణయం మాత్రం తన దగ్గర పెట్టుకోలేదు, వాడి చేతికిచ్చింది. ఆ మాట విన్నాక కొడుకు ఇంట్లో కూర్చోలేదు. ఆ విచారణకు వెళ్లాడు. శత్రువు తల్లిని ఎత్తుకుపోతే ఆవిడ కోసం వాడి ముందు మోకరిల్లాడు. చివరికి ఆ లోకం కోసమే ప్రాణమిచ్చాడు. ఇంకో సంగతి గమనించండి, ఆవిడ "లోకానికి" బాకీ లేవంది. తన ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు మన సంగతి. మీరు రాసిన మూడు పేజీల్లో అన్నయ్య కట్టిన ఫీజులున్నాయి, అన్నయ్య పెట్టిన బట్టలున్నాయి, "ఈ సంబంధం కాదంటే అన్నయ్య ముందు తలెత్తుకోలేను" అన్న మాట రెండుసార్లుంది. అబ్బాయి మనసులో ఏముందో ఒక్క వాక్యం లేదు. ఆ పిల్ల మనసు గురించి అయితే అసలే లేదు. మేనత్తగా మీరైనా ఆ పిల్లని కూర్చోబెట్టుకుని అడిగారా?

మీ కష్టం అబ్బాయితో కాదమ్మా, మీ అన్నయ్యతో. మీవారు పోయిన రోజు నుంచీ మీరు ఆయన ముందు చేతులు కట్టుకునే నిలబడ్డారు. ఆయన మంచివాడే అయి ఉండొచ్చు. చెల్లెలి కొడుకుని చదివించడం చిన్న సాయం కాదు, జన్మంతా తల్చుకోవాల్సిందే. కానీ ఆ సాయం అడిగింది మీరు, తీసుకున్నది మీరు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎవరికీ నోటు రాసివ్వలేదు. డబ్బు బాకీ అయితే డబ్బుతో తీర్చాలి. ప్రేమ అయితే ప్రేమతో తీర్చుకోవాలి. పెళ్లితో తీర్చే బాకీ మాత్రం ఒకటుందంటే నేను ఒప్పుకోను. మేనరికాల వల్ల పుట్టే పిల్లలకు వచ్చే ఇబ్బందులు డాక్టరు చెప్తారు, అది వేరే సంగతి. రేపు ఆ అమ్మాయి "నన్ను ఫీజుల కింద చేసుకున్నారు" అని తెలుసుకుంటే ఆ ఇంట్లో ఎలా తిరుగుతుంది?

అబ్బాయి మీకు బాకీ లేనని చెప్పలేదు. "నువ్వేమీ బాకీ లేవు" అన్న ఆ ఒక్క మాట మీ నోటి వెంట వినాలనుకున్నాడు. నేరుగా అడిగే ధైర్యం లేక సినిమా పెట్టాడు. అందుకు వాడి మీదా నాకు కోపమే. ఉద్యోగం చేస్తున్న మగపిల్లాడు, తల్లి ఎదురుగా కూర్చుని "అమ్మా, నాకు ఇష్టం లేదు" అనలేడా? అనేసి మేడెక్కకుండా, మీరు ఏడిస్తే పక్కన కూర్చోవద్దూ?

ఈ నెలలోనే అన్నయ్య ఇంటికి వెళ్లండి. పండక్కీ, పేరంటానికీ కాదు, మామూలు రోజున, ఒక్కరే. నాలుగేళ్ల ఫీజు ఎంతయిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. అబ్బాయి, మీరు కలిసి ఎన్నాళ్లలో ఇవ్వగలరో చెప్పండి. ఆయన వద్దంటారు, బహుశా కోప్పడతారు, వదిన రెండు మాటలంటుంది. పడండి. మాట మాత్రం మార్చకండి. వచ్చేటప్పుడు మేనకోడల్ని గుమ్మం దాకా పిలిచి, "నీకేం కావాలే తల్లీ" అని అడగండి. ఇంటికొచ్చాక అబ్బాయికి ఫోన్ చేసి, మామయ్యతో మాట్లాడొచ్చానని చెప్పండి.