భర్తకి పీఎఫ్ ఉంటే భార్యకి ఈ-శ్రమ్ కార్డు ఇస్తారా?

గుంటూరులో ఉంటున్నామని, మీ ఆయన సెక్యూరిటీ గార్డుగా పదకొండు వేల జీతం, పీఎఫ్ ఉందని, మీరు సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తారని, వయసు 35 అని రాశారు. ఈ-శ్రమ్ (కూలీల్లాంటి అసంఘటిత కార్మికులకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) మీకు ఇస్తారు, ఆయనకి ఇవ్వరు.

ఆ కార్డు మనిషిని బట్టి ఇస్తారు, ఇంటిని బట్టి కాదు. వయసు 16 నుంచి 59 మధ్య ఉండి, మీ పేరు మీద పీఎఫ్, ఈఎస్ఐ లేకపోతే, ఆదాయపన్ను కట్టకపోతే చాలు. మా ఇంట్లోనూ ఇంతే. నేను విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల షాపులో చేస్తాను, పీఎఫ్ ఉంది. ఇళ్లల్లో పనిచేసే మా అమ్మకి కార్డు వచ్చింది. నమోదు ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. కార్డు ఉంటే నెలనెలా అకౌంట్లో డబ్బులు పడతాయని వీడియోల్లో ఊదరగొడుతున్నారు, అది అబద్ధం.

శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్‌కి కూడా మీరు అర్హులే (18–40 ఏళ్లు, నెల ఆదాయం 15,000 లోపు). ఇప్పుడు చేరితే నెలకి 150 కట్టాలి, ప్రభుత్వం అంతే కలుపుతుంది, 60 దాటాక నెలకి 3,000 ఇస్తారు. పాతికేళ్ల తర్వాత మూడు వేలకి ఏపాటి విలువ ఉంటుందో మీరే ఆలోచించండి. నన్నడిగితే ముందు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా తీసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి.

మీ ఆయనకి అన్యాయమేం జరగలేదు. పీఎఫ్ ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల దాకా బీమా ఉంది, దానికి జీతంలోంచి ఏమీ కోయరు. నామినీగా మీ పేరు ఉందో లేదో చూడమనండి. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ కూడా కోస్తున్నారేమో పేస్లిప్పులో చూసుకోండి. ఉంటే మీకూ పిల్లలకీ వైద్యం దొరుకుతుంది.

అసలు చిక్కంతా రాష్ట్ర పథకాలతోనే. బియ్యం కార్డు, తల్లికి వందనం (చదువుకునే పిల్లల తల్లులకి డబ్బులిచ్చే పథకం) లాంటి వాటికి ఇల్లంతటినీ ఒక లెక్కగా చూస్తారు: పట్నంలో నెలకి 12,000 లోపు ఆదాయం, కరెంటు 300 యూనిట్ల లోపు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు (ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ పర్వాలేదు). మమ్మల్ని దెబ్బకొట్టింది కరెంటు. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దింటి మీటరుకి అమ్మ ఆధార్ లింకై ఉంది, అక్కడ ఇప్పుడు ఏసీలు నడుస్తున్నాయి! ఆ యూనిట్లన్నీ మా ఖాతాలో. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకి పొమ్మనడమే తప్ప, కారణం చెప్పినవాళ్లు లేరు. చివరికి మీటరు నుంచి ఆధార్ తీయించి, వార్డు సచివాలయంలో మళ్ళీ అర్జీ పెట్టాకే పని అయింది.

కాబట్టి అనర్హులని వస్తే ఏ కారణం చూపిస్తోందో కంప్యూటర్లో చూసి చెప్పమనండి. మీ విషయంలో సీజన్ కూలీ కలిస్తే 12,000 దాటే నెలలుండొచ్చు. అది ముందే సచివాలయంలో అడిగి తెలుసుకోండి.