స్కూల్లో పిల్లల్ని ఏడిపిస్తుంటే: అమెరికాకు కొత్తగా వచ్చిన అమ్మానాన్నలకు

“మా వాణ్ణి స్కూల్లో ఏడిపిస్తున్నారండీ. చెప్తే గొడవ పెద్దదవుతుందేమో, వీసా మీద ఉన్నాం కదా” అని కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు. ముందు ఆ భయం వదిలెయ్యండి. వీసాకూ స్కూల్లో ఇచ్చే ఫిర్యాదుకూ సంబంధం లేదు. ఇలా ఏడిపించడాన్ని ఇక్కడ ‘బుల్లీయింగ్’ అంటారు. దాన్ని అరికట్టే చట్టం 50 రాష్ట్రాల్లోనూ ఉంది. చివరగా 2015లో మోంటానా కూడా చేసుకుంది. వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో నియమాలు ఒకసారి చదవండి.

ఇద్దరు స్నేహితులు పోట్లాడుకుని మర్నాడు కలిసిపోతే అది బుల్లీయింగ్ కాదు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, అవతలి పిల్లాడు ఎదుర్కోలేని స్థితిలో ఉండటం అనే మూడు గుర్తులు చెప్పినవారు దాన్ ఓల్వేయస్. 1970లలోనే దీన్ని పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ మూడో గుర్తు ఊరికే అంటుకుంటుంది. యాస వేరు, స్నేహితులు లేరు, తిరిగి ఏమనాలో మాట తోచదు.

పిల్లలు నోరు తెరిచి చెప్పరు. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటారు, స్కూల్ బస్సు వద్దు కారులో దింపమంటారు, ఫోన్ మోగితే ముఖం మాడ్చుకుంటారు. ఉన్నట్టుండి “నన్ను ఆ పేరుతో పిలవకండి” అన్నా సరే, కూర్చోబెట్టి మెల్లగా అడగండి. “నువ్వేం చేశావ్?” అని మాత్రం మొదలుపెట్టకండి, అక్కడితో ఇంకేమీ చెప్పరు. “పట్టించుకోకు” అన్నా ఒంటరిగా వదిలేసినట్టే. “నువ్వూ ఒకటి తగిలించు” అన్నారంటే, చాలా స్కూళ్లలో కొట్లాటకు ఇద్దరికీ శిక్ష పడుతుంది.

చేయాల్సింది ఈమెయిల్ రాయడం. నోటిమాటకు రుజువు ఉండదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, సరిగ్గా ఏ మాట అన్నారు, ఎవరు చూశారు, మీకు ఏం కావాలి అన్నీ రాసి టీచర్‌కూ కౌన్సెలర్‌కూ పంపండి. ‘బుల్లీయింగ్’ అన్న మాట అందులో ఉండాలి. గ్రూప్ చాట్‌లో జరిగితే చెరిపేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. కదలిక లేకపోతే ప్రిన్సిపాల్, ఆ పైన డిస్ట్రిక్ట్. రంగు, జాతి, పుట్టిన దేశం గురించి హేళన చేస్తే ఆ సంగతి స్పష్టంగా రాయండి. 1964 పౌరహక్కుల చట్టం కిందికి వస్తుంది. ఫెడరల్ విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. అవతలి పిల్లాడి అమ్మానాన్నలకు మాత్రం, వాళ్లు తెలుగువాళ్లే అయినా, మీరుగా ఫోన్ చేయకండి. పిల్లల తగువు రెండిళ్ల తగువవుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఇక్కడే పుట్టిపెరిగిన మన పిల్లలే కొత్తగా వచ్చిన మన పిల్లల్ని ‘ఫాబ్’ (‘ఫ్రెష్ ఆఫ్ ద బోట్’, ఇప్పుడే పడవ దిగినవాడని ఎగతాళి) అంటూ, యాసను వెక్కిరిస్తూ దూరం పెడుతుంటారు. మనం ఇంట్లో ఇంకొకరి ఇంగ్లీషును అనుకరించి నవ్వుకుంటే, పిల్లలు నేర్చేది అదే. ఇక్కడ స్థిరపడ్డ మనమే ముందు ఆ నవ్వు మానుకోవాలి. మీ పిల్లలు కూడా రేపు పాతబడతారు, ఇప్పటినుంచే చెప్పిపెట్టండి. చూస్తూ నిలబడే పిల్లల చేతిలో చాలా ఉంది. 2001లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, తోటి పిల్లలు అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే ఏడిపించడం ఆగింది. ఎదిరించే ధైర్యం లేకపోతే, ఆ పిల్లాడి పక్కకు వెళ్లి కూర్చున్నా చాలు.

పిల్ల నోట “బతకాలని లేదు” అన్న మాట వస్తే ఈమెయిళ్లూ గీమెయిళ్లూ పక్కనపెట్టి వెంటనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఎమర్జెన్సీ నంబరు 911.

స్కూల్ చర్య తీసుకున్నాక కొన్నాళ్లు సద్దుమణిగి, “చాడీలు చెప్పావు” అంటూ కక్షతో మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంది. అదీ తప్పే. పాత ఈమెయిల్‌కు జవాబుగానే తేదీ వేసి మళ్లీ రాయండి.