పాఠకుల ప్రశ్నలు: ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచిన నవల

ఈసారి విశాఖ పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చిన్నప్పుడు చదివి కలవరపడ్డ కుటుంబ నవలను పెద్దయ్యాక మళ్లీ చదవడం గురించి అడిగారు. అందుకని వాటినే ఒకచోట చేర్చాం.

ప్రశ్న: పదో తరగతి సెలవుల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదివాను. వారం రోజులు అన్నం సయించలేదు. సీతారామారావంటే ఎంత జాలేసిందో! ఇప్పుడు నలభై దాటాక మళ్లీ తీస్తే ఆ జాలి లేదు, ఒళ్లు మండుతోంది. అప్పుడు తప్పుగా చదివానా, ఇప్పుడు తప్పుగా చదువుతున్నానా?
– ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: రెండుసార్లూ సరిగానే చదివారు. ఆ నవల ఎక్కువగా సీతారామారావు బుర్రలోనే నడుస్తుంది. వంశప్రతిష్ఠ అనే మాటను మోయలేక మోయడం, ఆస్తి కరిగిపోవడం, తన చేతగానితనం ఇంట్లోవాళ్ల మీద కసిగా తిరగడం, చివరికి తన చావు తనే తెచ్చుకోవడం, ఇవన్నీ అతని లోపల నుంచే మనకు కనిపిస్తాయి. పదిహేనేళ్ల పిల్లను ఎవరి బుర్రలో కూర్చోబెడితే వాళ్ల పక్షానే ఉంటుంది. ఇల్లు నడిపిన మనిషి ఆ గదిలో ఇంకెవరున్నారా అని చూస్తుంది. అక్కడ భార్య ఇందిర ఉంది, కూతురుంది. మీ కోపం వాళ్ల వైపు నుంచి వచ్చింది.

ఇక్కడితో ఆగకుండా ఒక పని చేయండి. పుస్తకం మూసి, ఒక తెల్లకాగితం మీద ఇరవై నిమిషాల పాటు, మొదటిసారి చదివినప్పటివి మీకు గుర్తున్నవన్నీ రాయండి. ఏ దృశ్యం, ఎవరేమన్నారు, ఎలా ముగిసింది, అన్నీ. మధ్యలో పుస్తకం తెరిచి సరిచూసుకోవద్దు. ఆ కాగితం మడిచి, చివరి అట్టలో దాచి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. మెత్తని 2బి పెన్సిల్ దగ్గరుంచుకోండి. పెన్ను వద్దు, పాత కాగితంలో సిరా పాకుతుంది. ఇందిర గానీ పాప గానీ మాట్లాడిన చోట పక్కన నిలువు గీత గీయండి. ఉండి కూడా మాట్లాడని చోట ఒక చుక్క పెట్టండి. అధ్యాయం అయ్యాక రెండే రెండు వాక్యాలు రాయండి: ఈ అధ్యాయంలో ఇల్లు ఏ డబ్బుతో గడిచింది? ఆ రోజు ఎవరు ఎవరికి భయపడ్డారు? ముఖ్యమైన సంఘటన వచ్చినప్పుడల్లా అక్కడున్న వాళ్ల వయసు అంచనా వేసి అంచున రాసుకోండి. చిన్నప్పుడు ‘పెద్దాళ్లు’ అనిపించిన వాళ్లలో కొందరు ఇప్పుడు మీకంటే చిన్నవాళ్లని తేలుతుంది. చదివే తీరు అక్కడే మారిపోతుంది.

పూర్తయ్యాక మడిచిన కాగితం తీయండి. పేజీలకు పేజీలు ఉందనుకున్న దృశ్యం అరపేజీలో తేలిపోవచ్చు. రెండు సంఘటనలు ఒకటిగా అతుక్కుపోయి ఉండొచ్చు. ఎప్పుడో చూసిన సినిమా ముక్క ఒకటి వచ్చి చేరి ఉండొచ్చు. దాన్ని పొరపాటు అని కొట్టేయకండి. జ్ఞాపకంలో ఏది ఉబ్బిందో ఆనాడు మిమ్మల్ని భయపెట్టింది అదే.

సాధారణంగా పని చెడేది రెండుచోట్ల. ఒకటి, రామయ్య తాత మాటల్ని ఉపన్యాసమని దాటేయడం. సీతారామారావు ఆలోచనకు ఎదురు నిలబడే గొంతు అదే. అది వదిలేస్తే అతని వాదన ఒక్కటే మిగులుతుంది, ఊపిరాడదు. రెండోది, “ఆ రోజులు అలాంటివి” అని సరిపెట్టుకోవడం. ఆ మాట అన్నామంటే ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. ఆ రోజుల్లోనే ఆ మనిషిని అసమర్థుడని పేరు పెట్టి మరీ రాసిన రచయిత ఉన్నాడు కదా!

ప్రశ్న: ఇలాంటి నవల సగంలో ఆపేస్తే తప్పా? రాత్రిపూట చదివితే నిద్ర పట్టడం లేదు.
– ఉద్యోగి, గాజువాక

జవాబు: తప్పు లేదు. ముందు వేళ మార్చి చూడండి. పగటిపూట పాతిక ముప్పై పేజీలు చదివి, పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందే పుస్తకం వేరే గదిలో పెట్టేయండి. ఆపేది కూడా గొడవ మధ్యలో కాకుండా, దృశ్యం ముగిసిన చోట ఆపండి. సగంలో వదిలిన గొడవే రాత్రంతా బుర్రలో తిరుగుతుంది. ముగింపు ముందే తెలుసుకోవాలనిపిస్తే తెలుసుకోండి, ఇలాంటి నవలకు దానివల్ల నష్టం లేదు. నవల మూసినా మీ ఇంటి సంగతులే ఆగకుండా గుర్తొచ్చి, రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే, అది ఇక పుస్తకం సంగతి కాదు. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళప్పుడైనా చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం కలిసి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ మళ్లీ చదువుదామనుకున్నాం. మొదటి రోజే కథానాయకుడు దయానిధి తల్లి మంచిదా చెడ్డదా అని వాదన పెరిగి, ఒకావిడ ఏడుస్తూ వెళ్లిపోయింది. ఎలా నడపాలి?
– ఎంవీపీ కాలనీ

జవాబు: మంచిదా చెడ్డదా అని ఓటింగు పెడితే ఏ ఇంట్లోనైనా అలాగే ముగుస్తుంది. దయానిధిని జీవితమంతా వెంటాడేది తల్లి గురించి లోకం అన్న మాట. కాబట్టి ఆ మాటల మీదే పని చేయండి. ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: పేజీ, తల్లి గురించి ఏమన్నారు, ఎవరన్నారు, కళ్లారా చూశారా విన్నారా. ఐదుగురూ తలా కొన్ని అధ్యాయాలు పంచుకుని నింపండి. నాలుగో గడి నిండేసరికి, ఆమెను గురించి మనకు తెలుసు అనుకున్నదాంట్లో ఎంత భాగం పుకారో మీకే కనిపిస్తుంది. ఆ తర్వాత జరిగే చర్చ వేరుగా ఉంటుంది.

నవలను నాలుగు భాగాలు చేసి, పదిహేను రోజులకొకసారి కూర్చోండి. గంటన్నర చాలు. మొదలయ్యే ముందు ఏ విషయం మీద మాట్లాడలేరో ఎవరికి వాళ్లు ఒక చీటీ మీద పేరు లేకుండా రాసివ్వాలి. “ఈసారి నన్ను వదిలేయండి” అంటే కారణం అడగకూడదు. “మీ ఇంట్లోనూ ఇంతేనా వదినా?” అనే ప్రశ్న పూర్తిగా నిషేధం. ఆరోజు వెళ్లిపోయిన ఆవిడ ఇంటికి ఒకరే వెళ్లండి, నలుగురూ కలిసి వెళ్లొద్దు. మరోమాట, అందరూ ఒకే ముద్రణ తెచ్చుకోండి. పేజీ నంబర్లు కలవకపోతే సగం సమయం వెతుక్కోవడంతోనే పోతుంది. ప్రతులు చాలకపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి.

ప్రశ్న: అమ్మ చదివిన పాత ప్రతి దొరికింది. బీచ్‌కి దగ్గరిల్లు, పుస్తకం చెమ్మ పట్టి బూజు వచ్చింది, పేజీలు ఊడుతున్నాయి. ఎండలో పెట్టి సెలోటేపు వేయనా?
– చినవాల్తేరు

జవాబు: రెండూ వద్దు. ఎండకు చౌక కాగితం ఇంకా పచ్చబడి పెళుసెక్కుతుంది. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అక్షరాలను తినేస్తుంది. పుస్తకాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి, నీడలో, ఫ్యాను గాలికి నిలబెట్టి, పేజీలు కాస్త విచ్చుకునేలా మూడు నాలుగు రోజులు ఉంచండి. బూజు పూర్తిగా పొడిబారాక మాస్కు పెట్టుకుని, బాల్కనీలో, మెత్తని బ్రష్షుతో బయటివైపుకి తుడవండి. తడి ఉండగా తుడిస్తే బూజు కాగితంలోకి దిగుతుంది.

పురుగు ఉందనిపిస్తే రెండు పాలిథిన్ కవర్లలో గాలి లేకుండా చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఊడిన పేజీకి మైదా జిగురు మంచిది. ఒక చెంచా మైదాకి ఐదారు చెంచాల నీళ్లు కలిపి, సన్నటి సెగ మీద కలుపుతూ, పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, చల్లార్చి వడకట్టండి. మైలుతుత్తం కలపొద్దు. పాత బైండర్లు పురుగు పట్టకుండా వేసేవారు కానీ అందులోని రాగి కాగితాన్ని పాడుచేస్తుంది. పేజీ వెన్ను అంచున రెండు మూడు మిల్లీమీటర్ల మేర మాత్రమే పల్చగా రాసి, మధ్యలో వెన్న కాగితం పెట్టి, బరువు కింద రాత్రంతా ఉంచండి. అమ్మ పెన్సిల్ గీతలుంటే చెరపకండి, మీ గీతలకు వేరే రంగు వాడండి.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నా బల్ల మీంచి ‘అసమర్థుని జీవయాత్ర’ తీసుకుంది. లాక్కోనా?
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: లాక్కుంటే దుప్పటి కింద చదువుతుంది, ఒంటరిగా. ముగింపులో చావు ఉందని ముందే చెప్పండి. ఎక్కడిదాకా వచ్చిందో రోజూ భోజనాల దగ్గర అడగండి. మీ అభిప్రాయం మాత్రం తను అడిగాకే చెప్పండి. చివరి యాభై పేజీలు ఇంట్లో మీరున్న పూట, పగలే చదవమనండి.